నొప్పి ఎవలది?

ఆమె శాంతమూర్తి అట.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగి, విజయవాడ బస్సుల కోసం సంచులతో నిలబడ్డ జనాన్ని తప్పించుకుంటూ నేను ఫంక్షన్ హాలుకు చేరేసరికే సంతాప సభ సగమైపోయింది. వేదిక మీద ఆమె ఫోటో, దానికి చామంతుల దండ. ఫోటోలో ఆమె నవ్వుతోంది. ఎక్కడ సంపాదించారో గానీ, ఆ నవ్వు నేను ఎప్పుడూ చూసింది కాదు. ఒకాయన లేచి ఆమె మృదుభాషి అన్నాడు. ఇంకొకాయన, చిరునవ్వుతోనే సగం రోగం నయం చేసేవారు అన్నాడు. మూడో ఆయనైతే కళ్ళు తుడుచుకుని, ఆమె నోటివెంట ఒక్క పరుషమైన మాట రాగా వినలేదు అన్నాడు. పోయినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు గానీ, మరీ ఇంతా?

నా పక్కన చేతికర్ర పట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. నల్గొండ వైపు మనిషి. కొడుకుల దగ్గర సైదాబాద్‌లో ఉంటుందట. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగితే ఈ డాక్టరమ్మే ఆపరేషన్ చేసిందట. ఆవిడ నా చెవి దగ్గరికి వంగి, "గీళ్ళను ఎన్నడు తిట్టలేదా ఏంది డాక్టరమ్మ? నన్నైతే ఆపరేషనైన తెల్లారే మంచం దించి నడిపిచ్చింది. రాక్షసి" అంది. అంటూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ సభలో నిజం చెప్పిన మనిషి ఆవిడ ఒక్కతే. నేను వెళ్ళి మైకు అడిగాను. "టైం లేదు మేడం, భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నారు. సరే, మైకు లేకపోతే పోయింది, ఇక్కడ రాస్తున్నాను. ఆమె శాంతమూర్తి కాదు. మృదుభాషి అంతకంటే కాదు. ఎముకల డాక్టరు, అరుపుల మనిషి. ఆమె అరుపులకు నేను రుణపడి ఉన్నాను. నా భుజం పట్టేసినప్పుడు మృదువైన మాటలు నాకు చాలామందే చెప్పారు, ఒక్కటీ పనికి రాలేదు.

మనిషి పొట్టి. నూలు చీర, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, కింద ఆటలవాళ్ళ బూట్లు. మనిషికి మించిన చేతులు, ఇంత లావు మణికట్లు. నల్గొండ జిల్లాలో ఏదో పల్లె నుంచి వచ్చి, ఇంత చదువు చదివి, ఆ పల్లె మాటను మాత్రం ఎవరి కోసమూ మార్చుకోలేదు. మందుల కంపెనీ కుర్రాళ్ళు ఇంగ్లీషు మొదలుపెడితే తెలుగులో జవాబిచ్చేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన దిల్‌సుఖ్‌నగర్ మొత్తం ఆమెకు పగవాళ్ళై ఉండాలి. కాలేదు సరికదా, పొద్దున్నే ఆమె గుమ్మం ముందు చోటు దొరికేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే, హాస్టళ్ళూ జిరాక్సు షాపులూ ఉన్న సందులో ఆమె క్లినిక్. కింది అంతస్తు. ఇంటి ఓనరు పైన ఇస్తానంటే, "కాళ్ళ నొప్పులోళ్ళు మెట్లెక్కుకుంట రావాల్నా? నీకు నొప్పులొస్తే తెలుస్తది తియ్" అని పోట్లాడి కింద తీసుకుందట. లోపల పొడుగాటి వరండా, దాని కొసన ఆమె గది. తలుపు తీసే ఉండేది. పేరు పిలిస్తే ఆ వరండా పొడుగునా నడిచి వెళ్ళాలి. ఆమె రాసుకుంటున్నట్టు ఉండేది గానీ, కళ్ళు మన కాళ్ళ మీదే ఉండేవి. మనం వెళ్ళి కూర్చునేసరికి సగం పరీక్ష అయిపోయేది. ఆ సంగతి తెలియక జనం ఆ వరండాలో కష్టపడి బాగా నడిచేవాళ్ళు, పెళ్ళిచూపులకు వెళ్తున్నట్టు. "మంచిగ నడిచి ఎవలికి చూపిస్తున్నవ్? నాకా? ఎనుకకు పో. ఇంట్ల ఎట్ల నడుస్తవో గట్ల నడువు" అని అరిచేది. పాపం, వాళ్ళు మళ్ళీ మొదటికి వెళ్ళి కుంటుకుంటూ వచ్చేవాళ్ళు.

అందరూ చేసే పని ఒకటుంది. కూర్చోగానే ఎక్స్‌రేలూ స్కానింగులూ బల్ల మీద పరిచేస్తారు. అందులో ఉన్న రోగాన్ని డాక్టరు చదివేస్తే తమ పని అయిపోతుందని. ఆమె వాటిని పక్కకు నెట్టేది. "ఫోటో తర్వాత చూస్త. ముందుగాల నిన్ను చూడనీ." ఇక ప్రశ్నలు. ఎప్పటిసంది నొస్తుంది, పొద్దున ఎక్కువా మాపున ఎక్కువా, గుంజుతుందా పొడుస్తుందా, అన్నం కింద కూర్చుని తింటవా బల్ల మీదనా, ఇంట్లో లెట్రిన్ ఎట్లాంటిది, నీళ్ళు ఎవరు మోస్తరు. ఆ తర్వాత, ఏం పని చేస్తవ్? చెప్తే చాలదు, చేసి చూపించాలి. చపాతీలు చేసే ఆవిడ గాలిలో చపాతీ వత్తేది. టైలరు కూర్చుని తొక్కేవాడు. గడ్డిఅన్నారంలో పళ్ళ మార్కెట్ ఉన్న రోజుల్లో హమాలీలు వచ్చేవాళ్ళట. వాళ్ళ చేత మూలనున్న స్టూలును బత్తాయిల బస్తాలా ఎత్తించి, వంగిన చోటే నడుం మీద చెయ్యి వేసి, "గిక్కడ" అనేదట. రోగి అప్పటిదాకా చెప్పని మాట అప్పుడు చెప్పేవాడట.

ఆడమనిషిని ఎముకల డాక్టరని నమ్మని వాళ్ళు రోజూ వచ్చేవాళ్ళు. ఒకరోజు నా ముందే ఒకతను ట్రాక్టరు మీంచి పడి, భుజం జారిపోయి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వచ్చాడు. నిలబడే అడిగాడు.

"సార్ లేడా అమ్మా?"

"ఏ సారు?"

"ఎముకల సారు."

"సార్ లేడు. ఎముకలున్నయి, నేనున్న. కూసో."

ఎక్స్‌రే తీయించి, విరగలేదని చూసుకుని, అతన్ని బల్ల మీద పడుకోబెట్టి మీ ఊరికి బస్సు ఎన్ని గంటలకు అని అడిగింది. అతను బస్సుల మీద ఫిర్యాదు మొదలుపెట్టాడు. ఆమె ఊఁ కొడుతూ అతని చేతిని మెల్లగా, చాలా మెల్లగా బయటికి తిప్పుతోంది. అతని ఫిర్యాదులో బస్సు ఇంకా చౌరస్తా దాటలేదు, భుజం లోపల టక్కుమంది. అతను మాట ఆపేసి చూశాడు. "అయిపోయింది" అంది. లాగడాలు లేవు, తొక్కడాలు లేవు. ఇంత అరిచే మనిషికి చేతుల్లో అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాటు కట్టు సంగతి కూడా చెప్పాలి. మనవాళ్ళకు ఎముక విరిగితే ముందు కట్టు కట్టేవాడి దగ్గరికి పోవడం అలవాటు. కోడిగుడ్డు సొన, ఏవో ఆకుల పసరు, వెదురుబద్దలు. అది తగ్గకపోతే డాక్టరు దగ్గరికి రావడం, వచ్చేముందు ఆ కట్టు విప్పి దాచేయడం కూడా అలవాటే. సూర్యాపేట వైపు నుంచి ఒక తండ్రీకొడుకులు వచ్చారు. తండ్రికి మణికట్టు విరిగింది. ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి ఆటోలోనే కట్టు విప్పేసి, సీసా నీళ్ళతో చెయ్యి కడిగేసి వచ్చారు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"కోడిగుడ్డు వాసనొస్తుంది."

"పొద్దున ఆమ్లెట్ తిన్నం మేడం" అన్నాడు కొడుకు.

"ముంజేతితోని తిన్నడా మీ నాయిన?"

వరండాలో ఉన్నవాళ్ళమంతా నవ్వేశాం. ఆమె నవ్వలేదు. "కట్టు కట్టించుకున్నందుకు నాకు కోపం లేదు. మా తాత కట్టించుకుండు, నీ తాత కట్టించుకుండు. దాచినందుకు కోపం. ఎంత బిగ్గర కట్టిన్రు? వేళ్ళు నల్లవడ్డయా? తిమ్మిరెక్కినయా? గది నాకు తెలియాలె. అబద్ధం మీద నేను పిండికట్టు ఎయ్య" అంది. ఆ ముసలాయన తలదించుకుని ఒక్కొక్కటే చెప్పాడు. చెప్పేసరికి ఆయన ముఖం తేలికపడింది.

ఆపరేషన్ అవసరమైన చోట ఆగేది కాదు. తుంటి విరిగిన ముసలమ్మను, ఈ వయసులో ఎందుకులే అని మంచాన వేసి ఉంచిన వాళ్ళను ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అవసరం లేని చోట కత్తి పట్టమంటే అంతకు రెట్టింపు తిట్టేది. ఆపరేషన్ మాటెత్తిన ప్రతిసారీ రోగి చేత బడిపిల్లల్లా ఒక ప్రశ్న అడిగించుకునేది. "నన్నడుగు. మేడం, చెయ్యకపోతే ఏమైతది? అడుగు!" డాక్టరును అలా అడగొచ్చని మనలో ఎంతమందికి తెలుసు? సగంమందికి నోరు పెగిలేది కాదు. అడిగేదాకా ఊరుకునేది కాదు. అడిగాక, ఏమవుతుందో చెప్పేది. తెలియకపోతే తెలియదనేది.

ఇక ఆమె అన్నిటికంటే ఎక్కువసార్లు అనే మాట. మనకు ఇంకో అలవాటుంది కదా, నొప్పి ఒకరిది, చెప్పేది ఇంకొకరు. భార్యకు మోకాలు నొప్పైతే భర్త చెప్తాడు. తల్లికి నడుం నొప్పైతే కొడుకు చెప్తాడు. నొప్పి ఉన్న మనిషి చీర కొంగు సర్దుకుంటూ గోడ మీద క్యాలెండరు చూస్తూ ఉంటుంది. డాక్టరమ్మకు ఇది కనపడితే చాలు, కలం కింద పెట్టేది.

"నొప్పి ఎవలది?"

అదీ అర్థం కాక చెప్పడం ఆపకపోతే, చెప్తున్న మనిషినే పరీక్ష బల్ల ఎక్కించేది. తమాషాకు కాదు. నిజంగానే పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తించి, సుత్తితో మోకాలి మీద కొట్టి, పూర్తిగా పరీక్ష చేసేది. "నీకే బాగ తెలిసినట్టుంది గదా, మరి నొప్పి నీదే అయి ఉంటది" అనేది. ఎంత పెద్దమనుషులైనా సరే. ఒక కార్పొరేటరు గారు తల్లి తరఫున మాట్లాడి, బల్ల ఎక్కి, చొక్కా విప్పి పడుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆయన అనుచరులు వరండాలో నిలబడి పైకప్పు చూస్తున్నారు.

ఇప్పుడు నా సంగతి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో బ్యాంకు పరీక్షలకు అర్థమెటిక్ చెప్తాను. మాది గుంటూరు వైపు. పెళ్ళై ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ బోర్డు ముందే నిలబడ్డాను. ఉన్నట్టుండి కుడి భుజం పట్టేసింది. మొదట బట్టలు ఆరేయడం కష్టమైంది, తర్వాత జడ వేసుకోవడం, తర్వాత జాకెట్టు వెనక హుక్కు. అవన్నీ ఎలాగో సర్దుకున్నాను. బోర్డు దగ్గర మాత్రం సర్దుకోవడం కుదరలేదు. చెయ్యి గుండెల దాకా లేచి అక్కడ ఆగిపోయేది. లెక్క ఎప్పుడూ బోర్డు పై అంచున మొదలై కిందికి దిగాలి. సగంలో మొదలుపెడితే ఆఖరి మెట్టు ముందు వరసల తలల వెనక పడిపోతుంది. అసలు అక్కడే కదా జవాబు ఉండేది! వెనక బెంచీల నుంచి "మేడం, కనపడ్తలేదు" అని వినపడినప్పుడల్లా నాకు భుజం కంటే ఎక్కువ ఇంకేదో నొప్పి పుట్టేది.

ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్తే, అక్కడి డాక్టరు నా చెయ్యి ముట్టుకోకుండా స్కానింగ్ చూసి, కీహోల్ ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని అప్పుడు నాకు తెలియదు. తెలిసినవాళ్ళెవరో ఈవిడకు ఒకసారి చూపించుకోమంటే వచ్చాం.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే రేపు అన్నం దగ్గర నాకు పాఠం చెప్తాడు. ప్రేమ గల మనిషి. ఆ ప్రేమ కొద్దీ బ్యాంకులో, గుడిలో, ఆసుపత్రిలో నా తరఫున ఆయనే మాట్లాడేస్తాడు. ఆరోజూ కూర్చోగానే మొదలుపెట్టాడు. "రెండు నెలల నుంచీ అండీ, రాత్రిళ్ళు అసలు పడుకోవట్లేదు, చెప్తే వినదు..."

"నొప్పి ఎవలది సార్?"

"మా ఆవిడదండీ. అదే చెప్తున్నా, పైకెత్తితే..."

"ఎక్కుండ్రి సార్ బల్ల."

ఎక్కాడు. ఏం చేస్తాడు? ఆయన భుజాలు రెండూ తిప్పి, నడుం వంచి, పొట్ట తగ్గించమని చెప్పి, కిందికి దింపింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇగ చెప్పమ్మా" అంది. నేను చెప్పాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన పక్కనుండగా అంతసేపు నేను ఒక్కదాన్నే మాట్లాడటం అదే మొదటిసారి.

రెండు చేతులూ ఎత్తించింది. కుడిది ఆగింది. తను ఎత్తి చూసింది. అప్పుడూ అక్కడే ఆగింది. షుగర్ ఉందా అని అడిగింది. లేదన్నాను. పరీక్ష చేయిస్తే ఉంది. పిడికిలి బిగించి రెండో అరచేతిలో పెట్టి చూపించింది. "గీ గుండు గీ చిప్పల తిరుగాలె. చుట్టూ సంచి లెక్క ఉంటది. ఆ సంచి బిగుసుకపోయింది, షుగరున్నోళ్ళకు గిట్ల ఎక్కువైతది, గంతే. నరం తెగలే, ఎముక అరగలే. ఆపరేషన్ ఇప్పుడైతే అక్కర లేదు. మెల్లగ అదే ఇడుస్తది. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువ పట్టొచ్చు. సూది ఒకటి ఇస్త, నొప్పి జర తగ్గుతది, నాలుగు దినాలు షుగర్ పెరుగుతది, చూస్కో. ఎక్సర్‌సైజు మాత్రం నువ్వే చెయ్యాలె, ఏడ్చుకుంట చెయ్యాలె."

"మొత్తం తగ్గిపోతుందా మేడం?"

"చెప్పలేను. ఎనుకటంత రాకపోవచ్చు."

నాకు ఏడుపొచ్చింది. అవునమ్మా, తగ్గిపోతుంది అని ఒక్క అబద్ధం చెప్తే ఆమె సొమ్మేం పోయింది అనిపించింది. నెలలు గడిచాక గానీ తెలియలేదు. ఆమె చెప్పిన నొప్పి చెప్పినట్టే వచ్చింది, చెప్పిన మెల్లదనం చెప్పినట్టే వచ్చింది, అందుకే నేను భయపడి మధ్యలో మానెయ్యలేదు. ఇంట్లో గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం, తువ్వాలు వీపు వెనక పట్టుకుని లాగడం. రోజూ ఆమెను తిట్టుకుంటూనే చేశాను.

ఈలోగా కోచింగ్ సెంటర్ ఓనరు నన్ను గదిలోకి పిలిచాడు. ఆయనా మంచి మాటలే చెప్పాడు. "మేడం, ఆరోగ్యం ముఖ్యం. ఈ బ్యాచ్ నుంచి మీరు డౌట్స్ కౌంటర్‌ల కూసోండి. బోర్డుకు కొత్త సార్‌ను పెడుతున్న. కాదంటరా, చెయ్యి మంచిగుందని డాక్టర్ తాన కాగితం తెండి." డౌట్స్ కౌంటర్ అంటే మెట్ల కింద ఒక బల్ల. అక్కడ కూర్చోబెట్టిన వాళ్ళు మళ్ళీ బోర్డు దగ్గరికి రావడం నేను చూడలేదు. ఇంట్లో మా ఆయనకు మాత్రం ఇది కలిసొచ్చిన కాలంలా కనపడింది. "ఎంతకాలం నిలబడతావు? మానెయ్. సంపాదించింది చాలు" అన్నాడు. నేను బోర్డు సంపాదన కోసం రాస్తున్నానని ఆయన ఎప్పుడు అనుకున్నాడో!

ఇద్దరం క్లినిక్‌కి వెళ్ళాం. ఈసారి ఆయన బల్ల ఎక్కాల్సి వస్తుందేమోనని ఒక కన్ను దాని మీద ఉంచే మాట్లాడాడు. "మా మాట వినదండీ. మీ మాటైతే వింటుంది. బోర్డు పని మానెయ్యాలని ఒక ముక్క రాసివ్వండి."

"కాదు మేడం, చెయ్యి బాగుందని రాసివ్వండి" అన్నాను నేను.

ఆమె కలం కింద పెట్టింది. "ఆయనకు మానెయ్యమని రాయాలె. నీకు మంచిగుందని రాయాలె. రెండూ అబద్ధమే. చెయ్యి మంచిగ లేదు. మానేసే అవసరమూ లేదు." నా వైపు తిరిగి, "నీకేం కావాలె?" అని అడిగింది.

ఇంట్లో గానీ, ఆసుపత్రిలో గానీ, ఓనరు గదిలో గానీ, ఆ మాట అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. నాకేం మంచిదో అందరూ చెప్పారు. "బోర్డు పై అంచు నుంచి రాయాలి మేడం. అంతే" అన్నాను.

ఆమె లేచి పక్క గదిలోకి వెళ్ళింది. ఏదో ఈడుస్తున్న చప్పుడు. కాలితో నెట్టుకుంటూ ఒక చెక్క పీట తెచ్చి నా ముందు పడేసింది. అంచులు అరిగిపోయి, అయోడిన్ మరకలతో ఉంది.

"గీ పీట మీద నిలబడి నేను తుంటి ఎముకలు మారుస్త. చదువుకునేటప్పుడు మా సార్ ఏమన్నడో తెలుసా? గిది మగోళ్ళ పని, నీకు ఆపరేషన్ బల్లే అందదు, పోయి పిల్లల డాక్టరు చదువుకో అన్నడు. తెల్లారి పీట తీస్కపోయిన. అందరు నవ్విన్రు. నవ్వనీ. నవ్వుతోటి ఎముక ఇరుగుతదా? చెయ్యి లేవకుంటే మనిషి లేవాలె. బోర్డు పొడుగంత పీట ఎయ్యించుకో. ఎడల్పుండాలె, ఊగొద్దు, కింద రబ్బరు కొట్టించు. పడి కాలిరగ్గొట్టుకొని నా తానికి రాకు."

"మరి కాగితం?"

"ఇయ్య."

"మేడం, కాగితం లేకపోతే మా ఓనరు బోర్డు దగ్గరికి రానివ్వనన్నాడు..."

"కాగితమిస్తే మీ ఓనరు కాగితంతోని మాట్లాడ్తడు. నీతోని మాట్లాడడు. అంతమంది పిల్లలకు చెప్పే నోరు గదా నీది. పోయి చెప్పు. లే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క సంతకం పెడితే నా యుద్ధం ఆమె గెలిచేది. పెట్టలేదు. ఇంటికి వచ్చి, గోడ మీద వేళ్ళు పాకించుకుంటూ, ఓనరుతో ఏం చెప్పాలో గోడకు చెప్పి చూసుకున్నాను.

సైదాబాద్‌లో వడ్రంగికి కొలతలిచ్చి పీట చేయించాను. బోర్డు పొడుగు, జానెడు ఎత్తు, కింద రబ్బరు. ట్రాలీ ఆటోలో వేయించుకుని పొద్దున్నే కోచింగ్ సెంటర్‌కి వెళ్ళాను. వాచ్‌మన్ ఒక కొస పట్టాడు. క్లాసులో బోర్డు కింద దాన్ని సరిచేస్తుండగా ఓనరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది మేడం ఇది?"

"పీట సార్. దీని మీద నిలబడి రాస్తాను."

"డాక్టర్ కాగితం తెచ్చిన్రా?"

"లేదు సార్. నేనే వచ్చాను."

ఆయనకు అర్థం కాలేదు. "పిల్లలు నవ్వుతరు మేడం" అన్నాడు.

"నవ్వుతారు. రెండు రోజులు నవ్వి ఊరుకుంటారు. చెయ్యి బాగుందని నేను చెప్పట్లేదు. ఇంకా బాగాలేదు, ఎప్పటికి బాగవుతుందో తెలియదు. పాఠం మాత్రం బాగానే ఉంది. ఈ బ్యాచ్ వెనకబడితే తీసెయ్యండి, నేనే పీట మోసుకుని వెళ్ళిపోతాను. నా పాఠం చూసి తీసెయ్యండి సార్, నా భుజం చూసి కాదు."

ఇంత మాట నేను అంతకుముందు ఎవరితోనూ అనలేదు. ఆయన ఏదో అనబోయి, లోపలికి వస్తున్న పిల్లల్ని చూసి, "సరే, చూద్దాం" అని వెళ్ళిపోయాడు. పిల్లలు కూర్చున్నారు. నేను పీట ఎక్కగానే ముందు వరసలో నవ్వు మొదలై వెనక్కి పాకింది. "అయ్యిందా? ఇంకా ఉంటే నవ్వేయండి, తర్వాత టైముండదు" అన్నాను. ఇంకాస్త నవ్వి ఆగారు. బోర్డు పై అంచున మొదటి వరస రాశాను. నొప్పి పుట్టింది, రాశాను. లెక్క కిందికి దిగి జవాబు దగ్గరికి వచ్చింది. వెనక బెంచీ నుంచి "కనపడ్తలేదు" అని ఎవరూ అనలేదు. ఆ బ్యాచ్ నాదే అయింది, ఆ తర్వాతవీ.

ఇదంతా వెళ్ళి డాక్టరమ్మకు గర్వంగా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "సరే గని, చెయ్యెత్తు" అంది. ఎత్తితే, "ఇంకా రాలె. చేస్తున్నవా, ఎగ్గొడ్తున్నవా?" అని అరిచింది. అదీ ఆమె మృదుభాషణ.

ఆఖరిసారి వెళ్ళినప్పటికి ఏడాది దాటిపోయింది. రెండు చేతులూ పక్కపక్కన ఎత్తించింది. ఎడమది చెవికి ఆనింది. కుడిది చెవి దాకా రాకుండానే నిలిచిపోయింది. పట్టుకుని ఇంకాస్త నెట్టి చూసి, వదిలేసింది.

"గింతే ఒస్తది. నువ్వు చెయ్యాల్సింది చేసినవ్. ఇంకింత కావాల్నంటే ఇప్పుడు ఆపరేషన్ మాట మాట్లాడొచ్చు. చేస్తే జర పెరగొచ్చు. పెరగకపోవచ్చు. మల్ల మొదటిసంది ఎక్సర్‌సైజు. ఏమంటవ్?"

మా ఆయన పక్కనే ఉన్నాడు. నోరు తెరిచాడు, మూసుకున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తూ కూర్చున్నాడు.

నేను ఆలోచించాను. జడ వేసుకుంటున్నాను. హుక్కు పెట్టుకుంటున్నాను. పీట ఎక్కితే బోర్డు పై అంచు అందుతోంది. దండెం మీద బట్టలు ఇప్పటికీ ఎడమ చేత్తోనే వేస్తున్నాను. వేస్తాను, దానికేం?

"వద్దు మేడం. ఇది నాకు సరిపోతుంది" అన్నాను.

"పక్కానా?"

"పక్కా."

ఆమె నా చీటీ మీద అడ్డంగా గీత కొట్టి అవతల పెట్టింది. "అయితే లే. బయట మంది ఉన్నరు" అంది.